రిజిస్టర్‌లో లేని గడి

ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ క్లాసులో రిస్క్ రిజిస్టర్ రాయమంటే పిల్లలు చకచకా నింపేస్తారు. భూసేకరణ ఆలస్యం, ప్యానెళ్ల ధర పెరగడం, కాంట్రాక్టరు చేతులెత్తేయడం. అన్నీ ప్రాజెక్టుకు వచ్చే ముప్పులే. ప్రాజెక్టు వల్ల ఊరికి వచ్చే ముప్పుకు అందులో గడే ఉండదు. నా పరిశోధనంతా ఆ లేని గడి చుట్టూనే.

ఈసారి మా నాగర్‌కర్నూల్ జిల్లా కేసే ఇచ్చాను. 2025 మే 19న అమ్రాబాద్ మండలం మాచారంలో ముఖ్యమంత్రి 'ఇందిర సౌర గిరి జల వికాసం' పథకాన్ని ప్రారంభించారు. 12,600 కోట్ల రూపాయలు, ఆరు లక్షల ఎకరాల పోడు పట్టా భూములు, సోలార్ మోటర్లు. కరెంటు తీగ పోలేని చెలకకు నీళ్లిచ్చే పథకం. మంచిదే, అందులో నాకు పేచీ లేదు.

నా పేచీ ఆ మోటరు నీళ్లు తోడే బోరుతో. ఉచిత కరెంటప్పుడు ఏం జరిగిందో చూశాం కదా. 2018 జనవరి 1 నుంచి రాష్ట్రంలో సాగుకు 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు ఏ అర్ధరాత్రి వస్తుందో తెలియక రైతులు మోటర్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. పాముకాటుకు, షాక్‌కు భయపడేవాడు ఇంకేం చేస్తాడు? కొత్త కరెంటుతో అవే మోటర్లు ఆగకుండా తోడేస్తాయని, స్టార్టర్లు తీసేయమని అధికారులు బతిమాలాల్సి వచ్చింది. మా జిల్లాలోనే తిమ్మాజిపేట వైపు నేలంతా గ్రానైటు. పగుళ్లలో ఉన్నంతే నీళ్లు. ఒకరి బోరు గట్టిగా లాగితే పక్క చేనుది ఎండుతుంది.

సోలార్ మోటరు పొద్దుగూకితే ఆగుతుంది, నిజమే. కానీ బిల్లు రాని మోటరును మిట్టమధ్యాహ్నం ఎవరు బంద్ చేస్తారు?

ఈ ముప్పుకు విరుగుడుగా "మానిటరింగ్ చేయాలి" అని రాసిన వాళ్లకు మార్కులు కోస్తాను. ఎవరు, ఎప్పుడు, ఎవరి ఖర్చుతో? జవాబు ఈ నేలమీదే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో ఏడు జిల్లాల్లో రైతులే బోర్లలో నీటిమట్టం కొలిచారు. యాసంగికి ముందు కూర్చుని, ఉన్న నీళ్లకు ఏ పంట సరిపోతుందో లెక్క వేసుకున్నారు. మా నాగర్‌కర్నూల్ అప్పట్లో ఉన్న పాలమూరు జిల్లా ఆ ఏడింటిలో ఒకటి. ఇంజినీర్లకన్నా వాళ్లే మంచి ప్రాజెక్ట్ మేనేజర్లని నా నమ్మకం.

ప్యానెల్ పాతికేళ్లు పనిచేస్తుంది. బోరులో నీళ్లు అన్నేళ్లు ఉంటాయా అన్నది ఈ సెమిస్టర్ ప్రశ్నపత్రంలో మొదటి ప్రశ్న. చాయిస్ లేదు.