తీగ గుట్టు కమ్మచ్చులోనే

కంసాలి దగ్గర కమ్మచ్చు ఉండాల్సిందే. వరసగా సన్నబడుతూ పోయే రంధ్రాలున్న ఉక్కు పలక అది. కడ్డీ మొనను కొట్టి సన్నం చేసి, రంధ్రంలో దూర్చి, అవతలి నుంచి పటకారుతో లాగితే తీగ వస్తుంది. కరీంనగర్ వెండి నగిషీకి ఆధారం అలాంటి తీగే. 12వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి థియోఫిలస్ తన లోహపనుల గ్రంథంలో చెప్పిన పరికరమూ ఇలాంటిదే. తర్వాత వచ్చిన యంత్రాలు లాగే చేతిని మార్చాయి. తీగ మంచిచెడ్డలు తేల్చింది మాత్రం ఎప్పుడూ ఆ రంధ్రమే.

చేతికి మొదట సాయం వచ్చింది నీరు. జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో 15వ శతాబ్దం నాటికే నీటిచక్రంతో తీగ లాగేవారు. అక్కడి తీగ మిల్లును చిత్రకారుడు డ్యూరర్ నీటిరంగుల్లో చిత్రించాడు కూడా. ఇటలీ వాడైన బిరింగుచ్చో పుస్తకంలో (1540) ఉన్న బొమ్మ ఇంకా ముచ్చటైంది. పనివాడు ఉయ్యాల మీద కూర్చుంటాడు. చక్రానికి తగిలించిన పట్టీ వెనక్కి గుంజినప్పుడల్లా అతని పటకారు తీగను కాస్త బయటికి ఈడుస్తుంది. మళ్లీ ముందుకు ఊగి కొత్త పట్టు పడతాడు. చూడ్డానికి ఆటలా ఉంటుంది గానీ, పటకారు కరిచిన ప్రతిచోటా తీగకు గాటు పడేది. తిరిగే డ్రమ్ముకు చుట్టి లాగితే ఆ బాధ ఉండదు. పెద్ద మిల్లులన్నీ చివరికి ఆ దారి పట్టాయి.

ఇక నేటి సంగతి. విశాఖ ఉక్కు కర్మాగారం లాంటి చోట్ల తయారయ్యే వైర్ రాడ్‌లో సన్నరకం సాధారణంగా 5.5 మిల్లీమీటర్లు. దాన్ని 2 మిల్లీమీటర్లకు దించడం ఒక్క ఊపులో కుదరదు. బయటికొచ్చిన సన్న తీగే వెనకున్న లావు తీగను లాగాలి మరి, అత్యాశకు పోతే పుటుక్కుమంటుంది. కమ్మచ్చు రంధ్రం పని నేటి యంత్రాల్లో చేసేది డై. ఒక్కో డైలో అడ్డుకోత వైశాల్యాన్ని 20 శాతం చొప్పున తగ్గిస్తే దాదాపు 9 డైలు కావాలి. లోహం ఎక్కడికీ పోదు కనుక లోపలికెళ్లిన మీటరు చివరికి ఏడున్నర మీటర్లవుతుంది. ప్రతి డ్రమ్మూ ముందుదానికంటే పావువంతు ఎక్కువ వేగంతో లాగాలి. ఆ లెక్క తప్పితే తీగ వేలాడుతుంది, లేదా తెగుతుంది. అందుకే చాలా యంత్రాల్లో తీగ బిగువును బట్టి కదిలే చిన్న చెయ్యి ఒకటి మోటారు వేగాన్ని సరిచేస్తూ ఉంటుంది.

డై లోపల ముందు గరాటులాంటి నోరు, తర్వాత తీగను నొక్కే వాలు, ఆపైన కొలత నిలబెట్టే పొట్టి గొట్టం, చివర మళ్లీ కాస్త వెడల్పు. దాని ముందే సబ్బు పొడి పెట్టె. అవును, సబ్బే! తీగ ఆ పొడిని అంటించుకుని లోపలికి తీసుకెళ్తుంది. ఆ పలుచటి పొర లేకపోతే లోహాన్ని లోహం గీరేస్తుంది.

లాగేకొద్దీ తీగ బిరుసెక్కుతుంది, మధ్యలో కాల్చి మెత్తబరచాలి. ఉక్కుకు ఆ వేడి ఎలా ఇవ్వాలో కనిపెట్టి బర్మింగ్‌హామ్‌కు చెందిన జేమ్స్ హార్స్‌ఫాల్ 1854లో పేటెంట్ తీసుకున్నాడు. 1866 అట్లాంటిక్ టెలిగ్రాఫ్ కేబుల్‌కు కవచమైన తీగ ఆయన సంస్థదే.

అసలు కథ రంధ్రం అరుగుదలది. మామూలు ఉక్కు పలకలో రంధ్రం త్వరగా పెద్దదవుతుంది, తీగ మొదలు ఒక కొలత, చివర మరో కొలత. విలియం బ్రోకెడన్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1819లో రత్నాలకు రంధ్రం చేసి తీగ లాగే పద్ధతికి పేటెంట్ పొందాడు. తర్వాత బల్బుల్లోని టంగ్‌స్టన్ తీగకు వజ్రపు డైలే దిక్కయ్యాయి. వాటి ఖర్చు తట్టుకోలేక వెతుకుతుంటే, 1923లో ఓస్రామ్ సంస్థలో కార్ల్ ష్రోటర్ టంగ్‌స్టన్ కార్బైడ్ పొడిని కోబాల్ట్ లాంటి లోహంతో బంధించే పద్ధతి కనిపెట్టాడు. క్రుప్ కంపెనీ దాన్ని విడియా పేరుతో 1926లో మార్కెట్లోకి తెచ్చింది. లేత్ పనిముట్లకూ డ్రిల్లులకూ అదే పదార్థం పాకింది. పరిశ్రమల చరిత్ర రాసేవారు నీటిచక్రానికీ ఆవిరికీ ఇచ్చే పేజీల్లో సగమైనా ఈ డైకి కేటాయించాలి.