ఆనవాలు: విరహంలో, మరణంలో

తుంగభద్ర ఎడమకాలువ కింద మాన్వి, సింధనూరు కాంపుల నుంచి వచ్చే మా విద్యార్థులు ‘ఆనవాలు’ అనే మాటను రెండు విధాల వాడుతుంటారు. ఆనవాలు చెబితే మనిషిని పోల్చుకోవచ్చు. ఊరు ముంపులో పోతే ఆనవాలు కూడా మిగలదు. ఒకటి ఉన్నదానికి గుర్తు, మరొకటి పోయినదానికి. భార్య వస్తువుల ముందు భర్త దుఃఖించే కావ్యఘట్టాలను ఈ భేదంతోనే చదవాలని మా అభిప్రాయం. విప్రలంభమనీ కరుణమనీ పేర్లు పెట్టి పరీక్షలో మార్కులు తెచ్చుకోవచ్చు గాని, దానితో చదువు పూర్తికాదు.

మొదటి ఘట్టం మాన్వికి దగ్గరిదే. కిష్కింధగా చెప్పే ఆనెగొంది 1997 వరకు రాయచూరు జిల్లాలోనే ఉండేది. సుగ్రీవుడు గుహలో దాచిన సీత నగలమూట తెచ్చి ఇస్తే, రాముడు గుండెకు హత్తుకొని ఏడుస్తాడు. వాల్మీకి అక్కడ ఆగలేదు. నగలు చెక్కుచెదరలేదు గనుక పచ్చికమీద పడి ఉంటాయని రాముడు ఊహిస్తాడు; ఆమెను ఎటు తీసుకుపోయాడని అడుగుతాడు. నగ దారి చూపింది.

రఘువంశం ఎనిమిదో సర్గలో అజుడికి ఆ దారి లేదు. ఇందుమతి మరణించింది. ఇద్దరూ కలిసి గుచ్చుతున్న పొగడపూల మొలనూలు సగంలో ఉంది. ఆమె పెళ్లిచేయాలనుకున్న మామిడిచెట్టు, ప్రియంగులత అలాగే ఉన్నాయి. ఆమె పాదం తాకిన అశోకం రేపు పూస్తుంది; ఆమె కురుల్లో ఉండవలసిన ఆ పువ్వును తర్పణానికి ఎలా తేవాలంటాడు. ఇందుమతి పలుకును కోకిలకూ నడకను హంసకూ పంచిన శ్లోకం ప్రసిద్ధమే. మాకు మాత్రం ఆ సగం మొలనూలే ఎక్కువ. పలుకునూ నడకనూ ఎవరైనా పొగడవచ్చు. సగంలో ఆగిన పని ఆ ఇద్దరికే తెలుసు. తర్వాత అజుడు పసివాడైన కొడుకు కోసం, ఆమె బొమ్మలు చూసుకుంటూ, ఎనిమిదేళ్లు గడిపాడు.

తెలుగులో విశ్వనాథ సత్యనారాయణ తన మొదటి భార్యను గురించి రాసిన ‘వరలక్ష్మీ త్రిశతి’లో దుఃఖించేది కథానాయకుడు కాదు, కవే. ఈ కొలతతో దాన్ని చదివి చూడండి.

మాకొక ఫిర్యాదు ఉంది. వీటన్నిటిలో విలపించేది భర్త. కుమారసంభవంలో రతి ఏడుస్తుంది గాని, ఆమె ముందున్నది పురుషాకారంలో బూడిద మాత్రమే. లోకాచారం మరీ కఠినం. భార్య పోయినవాడి ఇంట ఆమె నగలు ఉంటాయి. భర్త పోయిన స్త్రీ నుంచి అతను కట్టిన తాళినే తీసేస్తారు. చాలా ఇళ్లలో గాజులు, బొట్టు కూడా. ఆనవాలునే తీసుకుపోతే ఆమె దేన్ని పట్టుకొని ఏడవాలి?

కాంపుల్లో నాయనమ్మల, అమ్మమ్మల పెట్టెల అడుగున ఏదో ఒకటి ఉంటుంది: పంచె, చేతికర్ర, కళ్లద్దాల పెట్టె. అడిగి రాసి పంపండి. విశేషణాలు అక్కర్లేదు. దానితో ఆయన ఏం చేసేవారో రాయండి.