తాలింపుకు ముందే తీసిన వాటా

మా వీధి చివర పాల దుకాణం దగ్గర పొద్దున్నే కలిసే ఆడవాళ్ల పలకరింపులు కుక్కలతోనే మొదలవుతాయి. "ఏం వదినా, మీ నల్లోడు రాత్రి తిన్నాడా?" "తిన్నాడు వదినా, బీన్స్ ముక్కలు మాత్రం ఏరి పక్కన పెట్టాడు." అక్కడి నుంచి మాట బీన్స్ ధరకీ, ధర నుంచి కూరకీ, కూర నుంచి అత్తగారి మోకాళ్ల నొప్పికీ వెళ్తుంది. నాకు ఈ కబుర్లంటే ఎంతో ఇష్టం. కుక్క ఏం తిన్నదో చెప్పుకుంటూ మనం నిజానికి ఇల్లెలా ఉందో చెప్పుకుంటాం.

ఆ కబుర్లలో నేను పదేపదే చెప్పే మాట ఒకటుంది. కుక్కకి పెట్టేది చివర్లో మిగిలింది కాకూడదు, మొదట్లోనే తీసింది కావాలి. చాలా ఇళ్లలో అందరి భోజనాలూ అయ్యాక కంచాల్లో మిగిలినవీ గిన్నెల అడుగునున్నవీ కలిపి పెడతారు. అన్నం పారేయకూడదన్న మంచి బుద్ధితోనే పెడతారు. కాకపోతే కుక్క ఒంటికి పడనివన్నీ చేరేది వంట పూర్తయ్యేసరికే.

ఉల్లిపాయనే తీసుకోండి. అందులోని గంధక పదార్థాలు కుక్క రక్తంలోని ఎర్రకణాలను దెబ్బతీస్తాయి. ఒంటి బరువు కిలోకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి తిన్నా రక్తంలో తేడా వస్తుందని పశువైద్యులు లెక్క చెబుతారు. అంటే పది కిలోల కుక్కకి 150 గ్రాములు చాలు, మధ్యరకం ఉల్లిపాయలు ఒకటో రెండో. రోజూ కొంచెం కొంచెంగా పెట్టినా ప్రమాదమే. ఉడికించినా, వేయించినా ఆ గుణం పోదు. వెల్లుల్లి ఇంకా ఘాటు. నీరసం, చిగుళ్లు పాలిపోవడం లాంటివి కొన్ని రోజులకి గానీ బయటపడవు కాబట్టి, ఆదివారం నాటి కూరని ఎవరూ అనుమానించరు. పాయసంలో కిస్‌మిస్, పిల్లల చేతిలో చాక్లెట్ కూడా కుక్కకి విషమే. ఉడికిన కోడి ఎముక సూదుల్లా చీలి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

అందుకే మా ఇంట్లో వంట వరస మార్చుకున్నాను. సొరకాయ పప్పు చేసేటప్పుడు కుక్కర్లో కందిపప్పు, సొరకాయ ముక్కలు, చిటికెడు పసుపు మాత్రమే వేస్తాను. మూత తీయగానే మా కుక్క నల్లోడికి ఒక గరిటె తీసి పక్కన పెట్టి, ఆ తర్వాతే ఉల్లి, పచ్చిమిర్చి, చింతపండు, ఉప్పు. పప్పు రుచి ఏమీ తగ్గలేదు, ఇంకాస్త సేపు పొయ్యి మీద ఉంచితే సరిపోతోంది. చికెన్ తెచ్చిన రోజున ఎముక లేని ముక్కలు కొన్ని, ఒక కార్జం విడిగా ఉప్పు లేకుండా ఉడికిస్తాను. ప్రతి ముక్కనీ వేళ్లతో నలిపి చూస్తాను, పుల్లంత ఎముక తగిలినా తీసేస్తాను. మెత్తటి అన్నంలో ఆ నీళ్లతో సహా కలిపి, అరచేతి వెనక్కి తగిలించి వేడి చూసి పెడతాను. ఉప్పూకారం లేకపోతే ఎలా తింటుందని జాలిపడక్కర్లేదు. మన నాలుక మీద రుచిమొగ్గలు సుమారు 9,000 ఉంటే కుక్కకి 1,700 దాకా మాత్రమే. దానికి విందంతా వాసనలోనే ఉంది.

విశాఖలో హాస్టల్లో ఉండి చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసి ముందు అడిగేది దాని గురించే. "నల్లోడు ఏం తిన్నాడమ్మా?" "సొరకాయ పప్పూ అన్నం తిన్నాడే." "అయితే ఇవాళ మనింట్లో సొరకాయ పప్పా? తాతయ్యకి ఇష్టం కదా, రెండోసారి వడ్డించుకున్నాడా?" కుక్క గిన్నెని బట్టి ఇంటి వంటంతా అక్కణ్నుంచే చూసేస్తుంది. ఒకే పొయ్యి మీద నుంచి వాటా వెళ్తోంది కాబట్టే ఆ పిల్లకి అది సాధ్యమవుతోంది.

కుక్కకి మన అన్నం పడదనేవాళ్లకి ఒక మాట. 2013లో స్వీడన్‌లోని ఉప్సలా విశ్వవిద్యాలయ పరిశోధకులు నేచర్ పత్రికలో ఒక అధ్యయనం ప్రచురించారు. పిండిపదార్థాన్ని అరిగించే ఎంజైముకి సంబంధించిన జన్యువు తోడేలులో రెండు ప్రతులే ఉంటే, కుక్కల్లో నాలుగు నుంచి ముప్పై దాకా కనిపించాయి. వేల ఏళ్లు మనిషి పండించిన గింజ తిని, మన పక్కనే బతకడం దాని ఒంట్లోనే రాసి ఉంది. మన పెద్దలు కూడా పంచమహాయజ్ఞాల్లో భూతయజ్ఞం ఒకటని చెప్పి, గృహస్థు తాను తినకముందే కుక్కకీ కాకికీ అన్నం తీసి పెట్టాలన్నారు. తినకముందే అన్నది నాకు చాలా నచ్చుతుంది.

అయితే అన్నం, మాంసంతోనే అన్నీ అందవు. ఎముక తీసేసిన మాంసంలో కాల్షియం బాగా తక్కువ. ఎదిగే కూనకి అది లోపిస్తే కాళ్లు వంకర పోతాయి. అందుకని రోజూ ఇంటి తిండే పెట్టేవాళ్లు పశువైద్యుణ్ని అడిగి కాల్షియం, విటమిన్లు ఎంత కలపాలో తెలుసుకోవాలి. ఏడాదికోసారి రేబీస్ టీకాకి తీసుకెళ్లినప్పుడు ఆ మాట కూడా అడిగితే సరి.

ఈ పద్ధతి వల్ల నా వంటే మారింది. నల్లోడి గరిటె తీశాక, కొంచెం ఉప్పు వేసి బీపీ ఉన్న మామగారికి ఒక గిన్నె తీస్తాను. ఆ తర్వాత కారం తక్కువగా చిన్నవాడికి. చివర్న తాలింపు ఘుమఘుమలతో మిగతా మా అందరికీ. ఇదివరకు మామగారు చప్పిడి కూర విడిగా వండించుకోవడానికి మొహమాటపడి, మాతోపాటే ఉప్పు తినేసేవారు. ఇప్పుడు అడగాల్సిన పనే లేదు. ఏది పడదో చెప్పలేని జీవి కోసం గిన్నె ముందు పెట్టుకోవడం అలవాటైతే, చెప్పడానికి మొహమాటపడే మనిషి కూడా మన లెక్కలోకి వస్తాడు. మీ ఇంట్లోనూ కుక్క ఉంటే రేపు పొయ్యి వెలిగించే ముందే దాని గిన్నె తెచ్చి గట్టు మీద పెట్టుకోండి. ఆ గిన్నె పక్కన ఇంకెవరి గిన్నె ఉండాలో మీకే తోస్తుంది.