ఉత్తమ చిత్రాల ఎంపికలో కోవల విభజన: కడప ప్రాంత దృష్టితో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఏడాది చివర ఉత్తమ చిత్రాలను కోవలవారీగా ఎంచడం వాడుకలో ఉన్న పద్ధతి. ఈ విభజనలో రాయలసీమ ఒక ప్రాంతంగా కాక ఒక కోవగా స్థిరపడిందని, అందువల్ల ఎంపిక ప్రమాణమే దెబ్బతింటున్నదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఉత్తమ చిత్రం, కోవ, రాయలసీమ, ఫ్యాక్షన్, ప్రమాణం

1. ప్రవేశిక

సాహిత్యంలో నాటకాన్నీ శతకాన్నీ ఒకే త్రాసులో తూచం. సినిమాకూ ఇది వర్తిస్తుంది. హాస్యచిత్రాన్ని, జానపద చిత్రాన్ని, నేరపరిశోధన చిత్రాన్ని ఒకే కొలతతో కొలిచి తీర్పు చెప్పడం న్యాయం కాదు. 1964లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నెలకొల్పిన నంది పురస్కారాల్లో కాలక్రమంలో చేరిన బాలల చిత్రం, కుటుంబ కథాచిత్రం, ప్రజాదరణ పొందిన చిత్రం వంటి విభాగాలు ఈ అవసరాన్నే సూచిస్తాయి. 2025లో తెలంగాణ ప్రభుత్వం ప్రదానం చేసిన గద్దర్ పురస్కారాలూ ఇటువంటి విభాగాలనే పాటించాయి. అయితే కోవ పోలికకు ఉపకరించే సాధనం మాత్రమే. అది ఒక ప్రాంతానికి ముద్రగా మారినప్పుడు విమర్శకుడు దాన్ని ప్రశ్నించాలి.

2. కడప వారి బహుముఖ కృషి

పులివెందుల ప్రాంతంలోని కొత్తపల్లిలో 1908లో జన్మించిన బి.ఎన్. రెడ్డి ఒకే కోవకు కట్టుబడలేదు. 'మల్లీశ్వరి' (1951) విజయనగర కాలపు ప్రణయగాథ. 'బంగారుపాప' కుటుంబ కథ. 'రంగులరాట్నం' (1966) ఎన్నికల రాజకీయాలను నిలదీసిన సాంఘిక చిత్రం. ఆయన తమ్ముడు బి. నాగిరెడ్డి చక్రపాణితో కలిసి విజయా సంస్థ ద్వారా 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) నిర్మించారు. ఇవి వరుసగా జానపదం, హాస్యం, పౌరాణికం. సోదరులిద్దరూ దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందారు. నంది, గద్దర్ పురస్కారాలు రెంటిలోనూ వీరి పేరిట ప్రత్యేక పురస్కారాలున్నాయి. పురస్కారాలకు పేర్లిచ్చిన జిల్లా, ఆ పురస్కారాలు పరిశీలించే కథల్లో మాత్రం ఒకే రూపంలో కనిపించడం గమనార్హం.

3. ప్రాంతం కోవగా మారిన క్రమం

బి. గోపాల్ దర్శకత్వంలో వచ్చిన 'సమరసింహారెడ్డి' (1999), 'నరసింహనాయుడు' (2001), 'ఇంద్ర' (2002) ఫ్యాక్షన్ కోవకు చట్రాన్ని స్థిరపరిచాయి. మూడింటి నిర్మాణమూ ఒకటే. కథానాయకుడు తన గతం దాచి పనివాడిగానో, నాట్యం నేర్పే గురువుగానో, టాక్సీ డ్రైవరుగానో వేరొక చోట బ్రతుకుతుంటాడు. కథ నడుమ గతం బయటపడుతుంది. ఆ గతమే సీమ. అంటే ఈ చట్రంలో సీమకు ప్రధానంగా భూతకాలమే ఉంటుంది, నిత్యజీవితం ఉండదు. చివరి రెండు చిత్రాలకూ కథానాయకులు ఉత్తమ నటులుగా నందులు అందుకున్నారు. ప్రజాదరణకు ప్రభుత్వ గుర్తింపు తోడై కోవ మరింత బలపడింది.

దీని ఫలితం తెరమీదనే ఆగదు. జమ్మలమడుగు చెంతనున్న గండికోట లోయను కెమెరా పలుమార్లు చూపింది. అక్కడి మనుషులను చూపింది తక్కువ. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ళలో ఒక వ్యాపార కుటుంబ కథ, పులివెందుల చీనీతోటల్లో బోరుబావి ఎండిన రైతు కథ సహజంగా పుట్టగలవు. కేతు విశ్వనాథరెడ్డి కథల్లో కరువు, వ్యవసాయ సంక్షోభం, మారుతున్న గ్రామ సంబంధాలు ఏనాడో వస్తువులయ్యాయి. సాహిత్యం గుర్తించిన ఈ వైవిధ్యాన్ని సినిమా అందుకోలేదు. తన ఊరిపేరు తెరపై వినగానే తర్వాతి దృశ్యం ఏమిటో ఇక్కడి విద్యార్థి ముందే ఊహించగలడు. ఈ స్థితిలో ఏడాది జాబితా 'యాక్షన్' విభాగంలో తప్ప ఈ నేలను మరెక్కడా వెదకదు.

4. హద్దులు కదిలించిన చిత్రాలు

కోవను లోపలినుంచి మార్చిన చిత్రాలూ ఉన్నాయి. 'మర్యాద రామన్న' (2010) ఇంటి గడప లోపల అతిథిని చంపరాదన్న నియమం ఆధారంగా పగను హాస్యంగా మలిచింది. ప్రజాదరణ పొందిన చిత్రంగా నంది గెలుచుకుంది. 'అరవింద సమేత వీరరాఘవ' (2018) హత్యానంతరం మిగిలిన స్త్రీల దుఃఖాన్ని కథ మధ్యకు తెచ్చింది. పోరాట దృశ్యాలను మాత్రం వదులుకోలేదు. ఈ వైరుధ్యాన్ని పరిశీలించకుండా దాన్ని కేవలం ఫ్యాక్షన్ చిత్రమనడం అసంపూర్ణ విమర్శ.

తిరుపతి నేపథ్యంగా వచ్చిన '35 చిన్న కథ కాదు' (2024) మరో రకమైన ఉదాహరణ. గణితంలో వెనుకబడిన కొడుకు కోసం, పదో తరగతి తప్పిన తల్లి తిరిగి చదువుకు పూనుకుంటుంది. గద్దర్ పురస్కారాల్లో ఇది ఉత్తమ బాలల చిత్రంగా ఎంపికైంది. తల్లి పాత్రధారిణి నివేదా థామస్ ఉత్తమ నటి అయ్యారు. సీమ నేపథ్యం హింస లేకుండానే గుర్తింపు పొందడం హర్షణీయం. అయితే 'బాలల చిత్రం' అన్న పేరు, ఒక గృహిణి చదువు హక్కును గురించిన కథను సగమే చెప్పగలిగింది.

5. ప్రతిపాదిత ప్రమాణాలు

ఉత్తమ చిత్రాల ఎంపికలో మూడు ప్రశ్నలు వేసుకోవడం అవసరం.

అ) చిత్రం తన కోవ లక్షణాలను పునరుక్తి చేసిందా, విస్తరించిందా?
ఆ) కథను వేరొక ఊరికి మార్చితే ఏమి నష్టపోతుంది? ఏమీ నష్టపోకపోతే అక్కడ ప్రాంతం అలంకారమే.
ఇ) ప్రాంతీయ మాండలికం ఎవరికి దక్కింది? ప్రతినాయకుడికేనా, ప్రేమించే, నవ్వే, చదువుకునే పాత్రలకు కూడానా?

మొదటి ప్రశ్న కళకు, రెండవది వాస్తవికతకు, మూడవది గౌరవానికి సంబంధించినవి. కేవలం వసూళ్ళనో తారాబలాన్నో ఆధారం చేసుకున్న జాబితా ఈ మూడింటిలో ఒక్కదానికీ సమాధానం చెప్పలేదు.

6. ముగింపు

కోవల విభజనను పూర్తిగా తోసిపుచ్చనక్కరలేదు. అది లేకపోతే చిన్న చిత్రాలు, బాలల చిత్రాలు భారీ చిత్రాల నీడలో కనుమరుగవుతాయి. చిత్రాన్ని చూశాక కోవను నిర్ణయించాలి గాని, ఊరిపేరు విని కాదు. ప్రాంతీయ చిత్రణపై పరిశోధించేవారు ప్రతి సంవత్సరపు జాబితాల్లో ఏ ప్రాంతం ఏ విభాగంలో చేరిందో నమోదు చేస్తే ఈ అసమతుల్యత ప్రమాణబద్ధంగా తేలుతుంది. 'మిస్సమ్మ'నూ 'మల్లీశ్వరి'నీ అందించిన వారి జిల్లా నుంచి ఒక హాస్యకథో ప్రేమకథో ఉత్తమ చిత్రాల జాబితాలో చేరడం వింతగా తోచని రోజు రావాలి.