ఇంజన్ దించితే చాలదు

అనంతపురం జిల్లాలో ఏ మండల కేంద్రంలో బస్సు దిగినా నాలుగడుగుల్లో ఒక రీవైండింగ్ షాపు కనిపిస్తుంది. గుమ్మం ముందు కాలిపోయిన బోరు మోటర్లు వరసగా పడుంటాయి. లోపల మిస్త్రీ స్టేటర్ గాడుల్లోంచి పాడైన తీగను లాగేసి, పీవీసీ తొడుగున్న కొత్త రాగి తీగను ఒక్కో చుట్టునూ లెక్కపెడుతూ ఎక్కిస్తుంటాడు. చుట్టడం అయ్యాక మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ చూస్తాడు. మూడు ఫేజులూ సమానంగా కరెంటు లాగుతున్నాయో లేదో క్లాంప్ మీటరుతో చూసుకున్నాకే మోటరును రైతు చేతికిస్తాడు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే నేల ఇది. నీళ్లు లోతుకు పోయేకొద్దీ మోటర్లు పెద్దవయ్యాయి, వోల్టేజి పడిపోయినప్పుడల్లా కాలిపోయాయి. వాటిని బాగుచేస్తూ బాగుచేస్తూ ఒక తరం మనుషులు త్రీ ఫేజ్ మోటరు లోగుట్టంతా నేర్చుకున్నారు.

పాత పెట్రోలు కారును ఇంట్లోనే కరెంటు కారుగా మార్చుకునే విద్య గురించి మాట్లాడాలంటే ఈ మిస్త్రీతోనే మొదలుపెట్టాలి. మార్చిన కారు బోనెట్ కింద కూర్చునేది బోరు మోటరుకు దగ్గరి చుట్టమే. బ్యాటరీలోని డీసీ కరెంటును కంట్రోలరు త్రీ ఫేజ్ ఏసీగా మారుస్తుంది, దాంతో మోటరు తిరుగుతుంది. అది ఇండక్షన్ మోటరైనా, అయస్కాంతాలు పొదిగిన సింక్రనస్ మోటరైనా స్టేటర్‌లో చుట్టేది మూడు ఫేజుల తీగే. ఊరికొక లేత్ షాపు, వీధికొక ఆటో ఎలక్ట్రీషియన్ ఎలాగూ ఉన్నారు. ఈ పనికి కావలసిన చేతుల్లో సగానికి పైగా జిల్లాలో ఇప్పటికే ఉన్నాయి.

మార్చడానికి అన్నిటికన్నా అనువైన కారు మారుతి 800. 1983 డిసెంబరులో మొదటిది రోడ్డెక్కింది, 2014 జనవరిలో తయారీ ఆగింది. బరువు దాదాపు 650 కిలోలే. చేత్తో గేర్లు వేసే బండి, ఎలక్ట్రానిక్స్ తక్కువ, విడిభాగాలు ఇప్పటికీ దొరుకుతాయి. కోస్తాలో ఇలాంటి బండ్ల అడుగు రేకు ఉప్పుగాలికి తుప్పు పట్టి జల్లెడవుతుంది. అనంతపురం పొడిగాలిలో ఇంజన్ చచ్చినా బాడీ గట్టిగా నిలిచి ఉంటుంది. కరువు నేల చేసిన చిన్న మేలు ఇది.

ఇంజన్ దించడం మంచి మెకానిక్‌కు ఒక పూట పని. ఇంజన్‌తో పాటు రేడియేటరు, సైలెన్సరు, పెట్రోలు ట్యాంకు పోతాయి. గేరుబాక్సు మాత్రం ఉంటుంది. అసలు పనితనం మొదలయ్యేది ఇక్కడే.

మోటరును గేరుబాక్సుకు కలపడానికి ఒక అడాప్టర్ ప్లేటు కావాలి, షాఫ్టుకూ షాఫ్టుకూ మధ్య ఒక కప్లరు కావాలి. ప్లేటును మందపాటి అల్యూమినియం దిమ్మ నుంచి కోస్తారు. పాత ఇంజన్ గేరుబాక్సుకు ఆనుకున్న ముఖం అచ్చును అట్ట మీద తీసుకుని, బోల్టు రంధ్రాలనూ డోవెల్ పిన్నులనూ దాని మీదికి దించుకుంటారు. రెండు షాఫ్టుల కేంద్రాలూ ఒకే గీత మీద ఉండాలి. లేత్ మిస్త్రీ డయల్ గేజి ఆనించి షాఫ్టును చేత్తో మెల్లగా తిప్పుతాడు. ముల్లు మిల్లీమీటరులో ఇరవయ్యో వంతుకు మించి ఊగితే ప్లేటును మళ్లీ విప్పాల్సిందే. ఆ కాస్త తేడానూ వదిలేస్తే నిమిషానికి నాలుగైదు వేల చుట్లు తిరిగేటప్పుడు గేరుబాక్సు ముందు బేరింగు కూత పెడుతుంది, ఆయిల్ సీలు కారుతుంది, కొద్ది నెలల్లో స్ప్లైన్లు అరిగిపోతాయి. మొత్తం పనిలో చేతి నేర్పు అన్నిటికన్నా ఎక్కువ కావలసింది ఈ ఒక్క ప్లేటు దగ్గరే.

తర్వాత బ్యాటరీ. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు ఒక్కొక్కటి 3.2 వోల్టులు. 120 ఆంపియర్ అవర్ సెల్లులు 32 వరసగా కలిపితే 102 వోల్టులు, పన్నెండు యూనిట్ల పైచిలుకు కరెంటు. సెల్లుల బరువే ఇంచుమించు తొంభై కిలోలు. పెట్టె, మోటరు, కంట్రోలరు కలుపుకుంటే 150 కిలోలు దాటుతుంది. దించిన సామాను వంద కిలోల దరిదాపు కాబట్టి కారుకు ఒక మనిషి బరువు అదనంగా పడుతుంది. ఆ బరువును ఎక్కడ పెడతారన్నది ముఖ్యం. అంతా డిక్కీలో వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగు, బ్రేకు రెండూ పట్టు తప్పుతాయి. కొంత పాత పెట్రోలు ట్యాంకు చోట, కొంత బోనెట్ కింద పంచాలి. పవర్ బ్రేకు ఉన్న మోడళ్లలో ఇంజన్ ఇచ్చే వాక్యూమ్ ఇక ఉండదు, దానికి విడిగా కరెంటు పంపు బిగించాలి. లైట్లకు, హారనుకు 12 వోల్టులు ఇచ్చే డీసీ-డీసీ కన్వర్టరు కూడా కావాలి.

రీవైండింగ్ మిస్త్రీకి కొత్తగా ఎదురయ్యే ప్రమాదం ఈ డీసీ దగ్గరుంది. బోరు మోటరుకు వచ్చేది ఏసీ. ఆ కరెంటు సెకనుకు వంద సార్లు సున్నాకు వచ్చి పోతుంది కాబట్టి స్విచ్ తీసినప్పుడు లేచిన నిప్పురవ్వ తొందరగా ఆరుతుంది. డీసీ అలా సున్నాకు రాదు, ఆర్క్ లేస్తే సాగుతూనే ఉంటుంది. అరవై వోల్టులు దాటిన డీసీని వాహన ప్రమాణాలు ప్రమాదకర వర్గంలో పెట్టాయి. నారింజ రంగు కేబుళ్లు హెచ్చరించేది దాని గురించే. డీసీకి తగిన ఫ్యూజు, డీసీ కాంటాక్టరు, కంట్రోలరు కెపాసిటర్లను మెల్లగా నింపే ప్రీచార్జ్ రెసిస్టరు, ప్రతి సెల్లు వోల్టేజినీ కనిపెట్టి ఉండే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్ (బీఎంఎస్): వీటిలో ఏ ఒక్కటి మానేసినా ఆ బండిని ఇంటి ముందు నిలపకూడదు. ఏసీ ఫ్యూజు చవకగా దొరికిందని డీసీ లైనులో వేయడం ఇల్లు కాల్చుకునే పని.

అనంతపురం ఎండ బ్యాటరీకి పెద్ద పరీక్ష. ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటడం ఇక్కడ మామూలే. నీడ లేని చోట నిలిపిన కారు లోపల అంతకు మించి వేడెక్కుతుంది. సెల్లు ఎంత వేడిలో ఉంటే అంత తొందరగా దాని ఆయుష్షు తరుగుతుంది. చాలామంది తయారీదారులు చార్జింగ్‌కు పెట్టిన పైహద్దు 45 నుంచి 55 డిగ్రీలు. అందుకని పెట్టెను బాడీ రేకుకు ఆనించకుండా గాలి ఆడేలా కట్టాలి, కారును వేపచెట్టు కిందో రేకుల షెడ్డులోనో నిలపాలి, చార్జింగ్ తెల్లవారుజామున పెట్టుకోవాలి. చలి దేశాల్లో హీటరు తినే కరెంటు గురించి బాధపడతారు. ఇక్కడ ఆ బాధ కారును చల్లబరిచే ఎయిర్ కండిషనరుతో. గంటసేపు దాన్ని వేస్తే ఎనిమిది పది కిలోమీటర్ల దూరం కోసుకుపోతుంది.

ఎంత దూరం పోతుందన్నది అందరూ అడిగే మొదటి ప్రశ్న. మారుతి 800 ట్యాంకులో 28 లీటర్ల పెట్రోలు పడుతుంది. అందులో దాదాపు 250 యూనిట్ల శక్తి ఉన్నా ఇంజన్ చక్రాలదాకా తెచ్చేది పావు వంతు లోపే, మిగతాదంతా వేడిగా పోతుంది. బ్యాటరీలో ఉండేది పన్నెండు యూనిట్లే, కానీ మోటరు దాన్ని పెద్దగా వృథా చేయదు. కిలోమీటరుకు 120 వాట్ అవర్లు పట్టినా వంద కిలోమీటర్లు వస్తుంది. అనంతపురం నుంచి ధర్మవరం పోయి రావచ్చు. తాడిపత్రి పోతే అక్కడ చార్జింగ్ పెట్టుకోకుండా వెనక్కి రాలేరు. రెండు వందల కిలోమీటర్ల పైనున్న బెంగళూరు ఈ బండితో కుదిరే పని కాదు.

ఖర్చు లెక్క కూడా దాచకుండా చెప్పాలి. పెట్రోలు లీటరు 110 రూపాయల దరిదాపులో ఉన్నప్పుడు, పదహారు కిలోమీటర్లిచ్చే పాత బండికి కిలోమీటరుకు ఏడు రూపాయలు పడుతుంది. కరెంటుతో ఒక రూపాయి. అంటే కిలోమీటరుకు ఆరు రూపాయలు మిగులు. ఆమోదం పొందిన కిట్టుకు, బ్యాటరీకి కలిపి నాలుగు లక్షలైతే ఆ డబ్బు తిరిగి రావడానికి 66 వేల కిలోమీటర్లకు పైగా తిరగాలి. రోజుకు ముప్పై కిలోమీటర్లు తిరిగే ఉద్యోగికి అది ఆరేళ్ల మాట. ఆదివారం గుడికి మాత్రమే తీసే కారుకు ఈ పెట్టుబడి ఎన్నటికీ గిట్టదు.

ఇంటి మీద సోలారు ఉంటే లెక్క ఇంకాస్త బాగుపడుతుంది. నంబులపూలకుంటలో ఎన్టీపీసీ 250 మెగావాట్ల సోలార్ ప్లాంటు నడిపిస్తున్నది ఈ ఎండతోనే. మూడు కిలోవాట్ల మేడపై పలకలు ఇక్కడ రోజుకు పన్నెండు యూనిట్ల దాకా ఇస్తాయి, సరిగ్గా ఈ బ్యాటరీ నిండడానికి పట్టేంత. పీఎం సూర్యఘర్ పథకంలో ఆ సైజుకు 78 వేల రూపాయల సబ్సిడీ ఉంది. మధ్యాహ్నపు మంట ఎండలో కారుకు చార్జింగ్ పెట్టనవసరం లేదు. పగలు గ్రిడ్డుకు ఇచ్చిన యూనిట్లను నెట్ మీటరు లెక్కలో తెల్లవారుజామున వెనక్కి తీసుకోవచ్చు.

ఇంతదాకా వచ్చి చాలామంది ఆగిపోయేది ఆర్టీవో ఆఫీసు గడప దగ్గర. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని సొంతంగా మార్చకూడదు. పాత బండిని పూర్తి ఎలక్ట్రిక్‌గా మార్చుకునే దారిని కేంద్రం 2016లో నిబంధనల్లో తెరిచింది. కానీ కిట్టు ఏఐఎస్-123 ప్రమాణానికి తగ్గట్టు పుణెలోని ఏఆర్ఏఐ లాంటి సంస్థ పరీక్షలో నెగ్గాలి, దాన్ని అధీకృత సంస్థే బిగించాలి. ఆ తర్వాత ఆర్సీలో ఇంధనం మారుతుంది, ఆకుపచ్చ పలక మీద తెల్ల అంకెలతో నంబరు ప్లేటు వస్తుంది. ఆ కాగితం లేకుండా రోడ్డెక్కిన బండికి ప్రమాదం జరిగితే బీమా కంపెనీ చేతులెత్తేస్తుంది.

తెలుగు నేల మీద ఈ పరీక్ష నెగ్గినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌కు చెందిన ఈట్రియో 2019లో కార్ల కిట్టుకు ఏఆర్ఏఐ ఆమోదం తెచ్చుకుంది, ఆల్టో, డిజైర్ లాంటి కార్లను మార్చి చూపింది. తర్వాత అదే సంస్థ సరుకులు మోసే ఎలక్ట్రిక్ మూడు చక్రాల బండ్ల వైపు మళ్లింది. 2018లో హైదరాబాద్‌లోనే పుట్టిన రేస్ఎనర్జీ పాత ఆటోలకు కిట్టు బిగించి, మార్చుకునే బ్యాటరీలతో నడిపింది. తెలంగాణ తన 2020 విధానంలో ఆటోల మార్పిడికి ఖర్చులో 15 శాతం, గరిష్ఠంగా 15 వేల రూపాయలు ఇస్తామంది. రోజంతా తిరిగే ఆటోకు గిట్టుబాటయ్యే మార్పిడి, ఇంటి ముందు నిలిచే కారుకు అంత తేలిగ్గా గిట్టదని ఈ అడుగులు చూస్తేనే తెలుస్తుంది.

జర్మనీలో సొంతంగా మార్చిన బండిని కూడా విడిగా తనిఖీ చేసి, పాసైతే నమోదు చేస్తారు. మన దగ్గర ఆమోదం కిట్టు తయారీదారుకే గానీ, ఒక్క కారును శ్రద్ధగా మార్చుకున్న మనిషికి లేదు. పుణెలో పరీక్షలకయ్యే ఖర్చు వందల కిట్లు అమ్మే కంపెనీ భరించగలదు, గుత్తి లాంటి ఊళ్లోని చిన్న షెడ్డు భరించలేదు. ఆ మనిషి చేతిలో పనితనం ఉన్నా ఆ పనికి కాగితం పుట్టదు.

ఈ జిల్లాలో లేనిది నైపుణ్యం కాదు. 1946లో మొదలై 1948లో అనంతపురానికి వచ్చిన ఇంజనీరింగ్ కాలేజీ నేడు జేఎన్‌టీయూగా ఇక్కడే ఉంది. పొరుగున శ్రీ సత్యసాయి జిల్లాలోని పెనుకొండ దగ్గర కియా కర్మాగారంలో 2019 నుంచి కార్లు తయారవుతున్నాయి. 2025లో అక్కడి నుంచే కారెన్స్ క్లావిస్ ఈవీ వచ్చింది. కొత్త ఎలక్ట్రిక్ కారు కొనే స్తోమత ఉన్నవాళ్లకు దారి ఏర్పడింది. పదిహేనేళ్లు నిండి, రిజిస్ట్రేషన్ పొడిగింపుకు ఐదు వేలు కట్టి, ఫిట్‌నెస్ కోసం తిరిగే పాత బండి యజమానికి ఇంకా ఏర్పడలేదు.

కాబట్టి రవాణా శాఖకు ఒక విన్నపం. జిల్లాలో ఒక తనిఖీ కేంద్రం పెట్టండి. జేఎన్‌టీయూ ల్యాబులో బ్రేకులు, ఇన్సులేషన్, బరువు పంపకం చూసి, ఒక్కో కారుకు విడిగా ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కోసం కేంద్రానికి రాయండి. ఐటీఐలలో రీవైండింగ్ నేర్చుకునే కుర్రాళ్లకు డీసీ భద్రత మీద ఒక కోర్సు కలపండి. ఇంట్లో పాత కారు పెట్టుకుని మనసు పడుతున్నవారికీ ఒక మాట: రోజూ ముప్పై కిలోమీటర్లైనా తిరుగుతుంటే, బాడీకి తుప్పు పట్టకపోతే, ముందు ఆర్టీవో ఆఫీసుకు వెళ్లి మీ మోడలుకు ఆమోదం పొందిన కిట్టు ఉందో లేదో కనుక్కోండి. ఉందని తేలాకే మెకానిక్‌తో ఇంజన్ దించే మాట మాట్లాడండి.