సొంత గొంతులో సొంత కథ: తెలుగు మౌఖిక ఆత్మకథనం – ఆటోనగర్ నేర్పే పాఠం

వ్యాససంగ్రహం:
తమ జీవితాన్ని తమ గొంతుతో చెప్పుకొన్నవారి కథనాలు తెలుగులో పుస్తకాలుగా వచ్చాయి, రేడియోలోనూ వినిపించాయి. 'మనకు తెలియని మన చరిత్ర', 'పింజారి', 'నిర్జన వారధి', 'నా మాటే తుపాకి తూటా' అనే గ్రంథాలనూ, సంఘం రేడియో ప్రయత్నాన్నీ ఆధారంగా చేసుకొని, చెప్పిన మాట పుటలోకి చేరేటప్పుడు నిలిచేదేమిటో, జారిపోయేదేమిటో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆ పరిశీలన వెలుగులో విజయవాడ ఆటోనగర్ శ్రామికుల స్వీయకథనం ఎందుకు సాహిత్యంలోకి రాలేదో, రావాలంటే పాటించవలసిన పద్ధతి ఏమిటో చర్చిస్తుంది.

కీలకపదాలు: మౌఖిక ఆత్మకథనం, స్వీయచరిత్ర, శ్రోత, సంపాదకత్వం, వృత్తిభాష, ఆటోనగర్.

1. ఉపోద్ఘాతం

తెలుగులో స్వీయచరిత్ర అనగానే కందుకూరి వీరేశలింగం పేరు ముందు వస్తుంది. ఆ తర్వాత వచ్చిన స్వీయచరిత్రల్లో అధికభాగం రాయగలిగినవారు రాసుకొన్నవే. చదువు, తీరిక, అచ్చువేయించుకొనే వసతి అనే మూడూ ఉన్నవారికే ఆ ప్రక్రియ అందుబాటులో ఉండేది. అయితే తన బతుకును తాను చెప్పుకోవడం రాతతో మొదలైన పని కాదు. గోడు వెళ్లబోసుకోవడం, కష్టసుఖాలు కలబోసుకోవడం, కడుపులో మాట చెప్పుకోవడం, సాక్ష్యం పలకడం అని మన భాష ఆ పనికి ఎన్నో పేర్లు పెట్టింది. వీటన్నింటిలోనూ చెప్పేవారితోపాటు వినేవారు కూడా ఉన్నారు. వినే మనిషి లేకుండా గోడు వెళ్లబోసుకోవడం కుదరదు. రాసిన స్వీయచరిత్రకూ చెప్పిన ఆత్మకథకూ ఉన్న మౌలికమైన తేడా ఇక్కడే ఉంది. మొదటిదానికి పాఠకుడు ఆ తర్వాత వస్తాడు. రెండోదానికి శ్రోత ముందే ఎదురుగా కూర్చుని ఉంటాడు. అతడు ఏమి అడిగాడు, ఎక్కడ ఊ కొట్టాడు, ఎక్కడ మౌనం వహించాడు అన్నదాన్ని బట్టి కథ దారి మారుతుంది.

కాబట్టి మౌఖిక ఆత్మకథనాన్ని విమర్శించేటప్పుడు 'ఎవరు చెప్పారు' అన్న ప్రశ్న ఒక్కటే చాలదు. 'ఎవరికి చెప్పారు', 'ఎవరు రాశారు', 'చెప్పినందువల్ల చెప్పినవారికి ఏమైంది' అన్న ప్రశ్నలు కూడా వేయాలి.

2. బృందం విన్న కథలు

స్త్రీశక్తి సంఘటన 1986లో వెలువరించిన 'మనకు తెలియని మన చరిత్ర' ఈ దిశలో తెలుగులో జరిగిన గొప్ప ప్రయత్నం. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల జీవితకథనాలను వారి నోటనే విని గ్రంథస్థం చేసిన పుస్తకమిది. 1989లో 'వుయ్ వర్ మేకింగ్ హిస్టరీ' పేరుతో ఆంగ్లంలోనూ వచ్చింది. పోరాట చరిత్రను నాయకులు రాసినప్పుడు తేదీలు, తీర్మానాలు, దళాల కదలికలు ముందుకు వచ్చాయి. స్త్రీలు చెప్పినప్పుడు పిల్లల్ని ఎవరి దగ్గర వదిలారు, తిండి ఎవరు వండారు, పోరాటం ముగిశాక ఇంటికి ఎలా తిరిగి వచ్చారు అన్నవి కూడా చరిత్రలో భాగమయ్యాయి.

ఈ గ్రంథంలో కథ చెప్పిన మల్లు స్వరాజ్యం మూడు దశాబ్దాల తర్వాత 'నా మాటే తుపాకి తూటా' (2019) ద్వారా మళ్లీ తన కథ చెప్పారు. ఆమె చెప్పినదానిని కాత్యాయని, విమల అక్షరబద్ధం చేశారు. ఒకే వ్యక్తి, ఒకే జీవితం, రెండు సందర్భాలు. మొదటిసారి ఆమె ఎన్నో గొంతుల్లో ఒక గొంతు. అడిగినవారు 1980ల స్త్రీవాద ప్రశ్నలతో వచ్చినవారు. రెండోసారి ఆమె కథే గ్రంథమంతా. తొలినాటి పోరాటాన్ని సుదీర్ఘ రాజకీయ జీవితం చివరి నుంచి ఆమె చూస్తున్నారు. మౌఖిక కథనానికి స్థిరపాఠం ఉండదన్న సంగతికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ అరుదు. రెండింటిలో ఏది 'అసలు' అని అడగడం తప్పు ప్రశ్న. రెండూ నిజమే, కాని ఒక్కొక్కటీ ఒక్కొక్క శ్రోతకు చెప్పిన నిజం. కాబట్టి శ్రోతను పుటలో నుంచి తొలగించిన సంపాదకుడు కథలో సగభాగాన్ని తొలగించినట్లే.

3. ఇతరుల కథలు చెప్పిన గొంతు

బుర్రకథ పితామహుడిగా పేరుపొందిన షేక్ నాజర్ ఆత్మకథ 'పింజారి' ఈ చర్చలో ప్రత్యేకమైనది. గుంటూరు ప్రాంతపు పొన్నెకల్లులో పుట్టి, పల్నాటి యుద్ధం, అల్లూరి సీతారామరాజు వంటి కథలను వేలాదిమంది ముందు వినిపించిన కళాకారుడాయన. బుర్రకథలో ప్రధాన కథకుడికి ఇరువైపులా ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం చెబుతూ కథకుణ్ణి అడుగుతారు, ఆపుతారు, పొడిగిస్తారు. అంటే శ్రోత పాత్రను ఈ కళారూపం వేదికమీదికే తెచ్చుకొంది. అలాంటి కళాకారుడు తన సొంత కథ చెప్పవలసి వచ్చినప్పుడు అంగడాల వెంకట రమణమూర్తి దానిని విని రాశారు. ఇతరుల వీరగాథలకు గొంతునిచ్చినవాడి గాథకు మరొకరి కలం అవసరమైంది. తన సమాజాన్ని తక్కువచేసి పిలవడానికి వాడిన మాటనే పుస్తకానికి పేరుగా నిలపడంలో చెప్పేవాడి అధికారం కనిపిస్తుంది. పుస్తకంలో వాక్యం ఎవరు కూర్చినా, ఆ పేరుకు ఉన్న పదును మాత్రం చెప్పినవాడి బతుకు నుంచి వచ్చిందే.

కృష్ణాజిల్లా పామర్రు ప్రాంతం నుంచి వచ్చిన కొండపల్లి కోటేశ్వరమ్మ 'నిర్జన వారధి' (2012) దీనికి భిన్నమైనది. బాలవితంతువుగా మొదలైన జీవితం, ఉద్యమం, భర్త ఎడబాటు, బిడ్డల మరణం అన్నింటినీ దాటి, తొంభై ఏళ్లు పైబడిన వయసులో ఆమె పుస్తకం వెలువడింది. ఉద్యమ వేదికలపై పాటలు పాడిన గొంతు ఆమెది. కాని సామూహిక గీతాన్ని ఎలుగెత్తి పాడడం వేరు, సొంత దుఃఖాన్ని పలకడం వేరు. మొదటిదానికి ఉద్యమం వేదికనిచ్చింది, రెండోదానికి ఆమె దశాబ్దాలు ఆగవలసి వచ్చింది. గొంతు ఉండడమూ, సొంత కథ చెప్పే వీలు ఉండడమూ ఒకటి కావని 'నిర్జన వారధి' నిరూపిస్తుంది.

4. పుట నుంచి ధ్వనికి

పై గ్రంథాలన్నీ చివరికి పుటల్లోనే నిలిచాయి. పుటలో ఊపిరి వినిపించదు. గొంతు జీరపోవడాన్ని మూడు చుక్కలతో సూచించవచ్చు కాని వినిపించలేం. ఈ లోటును రేడియో తీర్చగలదని అనుకోవచ్చు. విజయవాడ ఆకాశవాణి కేంద్రం 1948 డిసెంబరు 1 నుంచి తెలుగువారి గొంతులను ప్రసారం చేస్తోంది. అయితే రేడియో ప్రసంగం అన్నది ప్రధానంగా ముందే రాసుకొని చదివే పాఠం. గొంతు సొంతమైనా, భాష పుస్తకానిదే అయ్యే ప్రమాదం అందులో ఉంది.

2008 అక్టోబరు 15న జహీరాబాదు ప్రాంతంలోని మాచునూరులో మొదలైన సంఘం రేడియో ఈ దూరాన్ని తగ్గించింది. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అండతో దళిత గ్రామీణ మహిళలే నడిపిన ఈ కేంద్రంలో విత్తనం, పంట, పండుగ, కష్టం అన్నీ వారి మాండలికంలోనే వినిపించాయి. చెప్పేవారు, రికార్డు చేసేవారు, వినేవారు ఒకే సమూహానికి చెందినవారు కావడం ఇక్కడి విశేషం.

అంతర్జాతీయంగా రెండు నమూనాలను దీనితో పోల్చవచ్చు. 1997లో న్యూయార్క్‌లో మొదలైన 'ద మాత్' వేదికమీద, కాగితం చూడకుండా, తన జీవితంలో నిజంగా జరిగినదాన్ని చెప్పాలన్నది నియమం. 2003లో మొదలైన 'స్టోరీకోర్' పద్ధతిలో పరిచయస్థులైన ఇద్దరు చిన్న గదిలో కూర్చుని మాట్లాడుకొంటారు, ఆ రికార్డింగు భద్రపరచబడుతుంది. మొదటిది చప్పట్లు కోరే కళ. అది కథకు మలుపునూ, ముగింపునూ అడుగుతుంది. రెండోది ముచ్చట. దానికి ముగింపు లేకపోయినా ఫరవాలేదు. తెలుగు శ్రమజీవుల కథనానికి రెండో నమూనాయే దగ్గరిదని ఈ వ్యాసకర్త అభిప్రాయం. దానికి ఆటోనగరే సరైన ఉదాహరణ.

5. ఆటోనగర్: రూపం ఉంది, గొంతు లేదు

కలకత్తా – మద్రాసు దారీ, హైదరాబాదు – మచిలీపట్నం దారీ కలిసే విజయవాడ లారీల కూడలిగా ఎదిగింది. రోడ్ల పక్కన చెదురుమదురుగా ఉన్న మరమ్మతు షెడ్లకు పటమట దాటాక ఒకచోట స్థలమివ్వడంతో 1960ల దశకంలో ఆటోనగర్ ఏర్పడింది. ఇంజను పని, లేత్ పని, వెల్డింగ్, లారీలకు బాడీ కట్టడం, కమాను పట్టీలు, పెయింటింగ్, తుక్కు వ్యాపారం అన్నీ అక్కడ ఉన్నాయి. ఈ పనుల్లో చాలావాటిని పుస్తకం చూసి నేర్చుకోలేదు. మేస్త్రీ చెప్పగా, తిట్టగా, చేసి చూపగా నేర్చుకొన్నారు. శబ్దం విని ఇంజను బోరుకొచ్చిందని పసిగట్టే విద్య అది. అంటే ఆటోనగర్ స్వభావరీత్యా వినే సంస్కృతి. అయినా అక్కడివారి కథను వారి నోట విన్న గ్రంథమేదీ పైన పేర్కొన్న పుస్తకాల సరసన నిలవలేదు.

సినిమా ఆ ఖాళీలోకి వచ్చింది. దేవ కట్టా దర్శకత్వంలో 2014లో విడుదలైన 'ఆటోనగర్ సూర్య' ఆ ప్రాంతాన్ని కేవలం నేపథ్యంగా కాక కథావస్తువుగా తీసుకొంది. షెడ్లను, యంత్రాలను, పెత్తనాలను తెరమీదికి తెచ్చింది. కాని వాణిజ్య కథనానికి నాయకుడు ఒక్కడే కావాలి. అతడి సంభాషణలు పదునైన సూక్తులుగా మారాలి. నిజజీవితంలో మేస్త్రీ మాట సూక్తి కాదు. అది మధ్యలో ఆగుతుంది, పానా అందుకొంటుంది, మళ్లీ మొదలవుతుంది. సినిమా ఆటోనగర్‌కు రూపమిచ్చింది, గొంతును మాత్రం తానే పెట్టుకొంది.

వృత్తుల భాషను సేకరించే కృషి తెలుగులో లేదని కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలను రైతుల నోట విని సేకరించింది. తెలుగు భాషాపరిశోధనలో అది మైలురాయి. కాని పదకోశానికి కావలసింది పదం, ఆ పదం పలికిన మనిషి జీవితం కాదు. ఆ రెండో పని సాహిత్యానిది, చరిత్రది.

6. చెప్పడంలోని ప్రమాదం

ఇక్కడ ఒక కఠినమైన ప్రశ్న ఎదురవుతుంది. షెడ్డులో పని నేర్చిన పాతతరం వారిలో ఎందరో బాల్యంలోనే హెల్పర్లుగా చేరినవారు. బాలకార్మిక నిషేధ, నియంత్రణ చట్టం 1986లో వచ్చింది. 2016 సవరణతో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడంపై నిషేధం దాదాపు సంపూర్ణమైంది. తన బాల్యాన్ని నిజాయితీగా చెప్పే మెకానిక్ ఒకే వాక్యంలో తన గురువుకు కృతజ్ఞతా చెప్పాలి, తనకు దక్కని బడినీ తలచుకోవాలి. అన్నం పెట్టిన మేస్త్రీ, చెంపదెబ్బ కొట్టిన మేస్త్రీ ఒకరే కావచ్చు. ఆ మేస్త్రీ కుటుంబం పక్క షెడ్డులోనే ఉండవచ్చు. వేలు తెగిన ప్రమాదాన్ని చెబితే, పరిహారం ఇచ్చారా లేదా అన్న ప్రశ్న వస్తుంది. నిజం చెప్పినందుకు పని పోవచ్చు, అప్పు పుట్టకపోవచ్చు.

సొంత గొంతు ఇక్కడ వరమూ, ప్రమాదమూ. రాతలో పేరు మార్చి దాచవచ్చు. గొంతును మాత్రం ఆటోనగర్‌లో ఎవరైనా గుర్తుపడతారు. కనుక 'మీ కథ మీరే చెప్పండి' అని ప్రోత్సహించే పరిశోధకుడు ఆ ప్రమాదంలో తన వాటా ఎంతో చెప్పకపోతే, అది సేకరణ పేరుతో జరిగే దోపిడీ అవుతుంది. విజయగాథలే ఎక్కువగా బయటికి రావడానికి కారణమూ ఇదే. క్లీనరుగా మొదలై యజమాని అయినవాడికి నిజం చెప్పే ధైర్యాన్ని అతడి ఆస్తి ఇస్తుంది. ఇప్పటికీ హెల్పరుగానే ఉన్నవాడికి ఆ రక్షణ లేదు.

విజయవాడ నివాసి, కథారచయిత్రి పి.సత్యవతి తెలుగులోకి తెచ్చిన ఎ.రేవతి ఆత్మకథ 'ఒక హిజ్రా ఆత్మకథ' ఈ సందర్భంలో గమనించదగినది. రేవతి తన కథ రాయడానికి ముందు తన సమూహంలోని ఇతరుల కథలను విని తమిళంలో పుస్తకంగా తెచ్చారు. వినడం ముందు, చెప్పడం తర్వాత. సమూహంలోని మనిషే శ్రోత అయినప్పుడు ప్రమాదం పోదు కాని, ఆ ప్రమాదాన్ని తెలిసి పంచుకొనేవారు ఉంటారు.

7. ముగింపు

పై పరిశీలన నుంచి మౌఖిక ఆత్మకథన సేకరణకు కొన్ని సూత్రాలను ప్రతిపాదించవచ్చు. శ్రోత ప్రశ్నలను పుటలో నిలపాలి. ధ్వనిని, అక్షరాన్ని కలిపి భద్రపరచాలి. బోరు, కమాను, పానా వంటి వృత్తిపదాలను శిష్టభాషలోకి మార్చకూడదు. చెప్పినవారు తమ కథను మళ్లీ విని, వద్దనుకొన్న భాగాన్ని వెనక్కు తీసుకొనే హక్కు ఉండాలి. చివరిగా, కథకు విజయమనే ముగింపును అంటగట్టకూడదు.

ఈ సూత్రాల ప్రకారం ఆటోనగర్‌లో పరిశోధకుడు ప్రశ్నావళితో వెళ్లడంకంటే, పాత మేస్త్రీనీ ఆయన దగ్గర పని నేర్చిన శిష్యుణ్ణీ ఎదురెదురుగా కూర్చోబెట్టి తాను పక్కకు తప్పుకోవడం మేలు. గురువు తిట్టిన తిట్టు శిష్యుడికి గుర్తుంటుంది, ఎందుకు తిట్టాడో గురువుకు గుర్తుంటుంది. ఆ రెండూ కలిస్తేనే నిజం పూర్తవుతుంది. తొలితరం మేస్త్రీల గొంతులు ఏటేటా తగ్గిపోతున్నాయి. తెలంగాణ స్త్రీల కథలను వినడానికి పోరాటం ముగిశాక మూడు దశాబ్దాలకు పైగా పట్టింది. ఆటోనగర్ పుట్టి ఇప్పటికే అంతకంటే ఎక్కువ కాలం గడిచింది.