ఎక్వెఫీ పిల్లల పేర్లు

చినువా అచెబే ‘థింగ్స్ ఫాల్ అపార్ట్’ (1958) ప్రస్తావన వస్తే ఒకొంక్వో పతనం గురించీ, మిషనరీల రాక గురించీ మనం విస్తారంగా మాట్లాడతాం. నవలలోని పేర్లను మాత్రం నోరు తిరగని శబ్దాలుగా దాటేస్తాం. మొదటిసారి నేనూ అలాగే చదివాను. రెండోసారి చదివినప్పుడుగాని నా పొరపాటు నాకు తెలియలేదు.

ఇగ్బో పేర్లు చాలావరకు పూర్తి వాక్యాలు. చినువా అన్నది కూడా ‘నా పక్షాన దైవం పోరాడుగాక’ అనే అర్థమున్న పెద్ద పేరుకు కుదింపు. ఇది తెలిస్తే ఒకొంక్వో రెండో భార్య ఎక్వెఫీ కథ వేరుగా వినిపిస్తుంది. ఆమె పదిమందిని కన్నది. తొమ్మిదిమంది పసితనంలోనే పోయారు. ఒక బిడ్డకు ఒన్వుంబికో అని పేరు పెట్టింది. ‘మృత్యువా, నిన్ను వేడుకుంటున్నాను’ అని దానర్థం. వాడు పదిహేనో నెలలో పోయాడు. తర్వాతి ఆడపిల్ల ఓజోఎమెనా, అంటే ‘ఇది మళ్ళీ జరగకూడదు’. ఆ పిల్లా ఏడాది నిండకుండానే పోయింది. మరో ఇద్దరు పోయాక తల్లి తెగించింది. ఆపై బిడ్డ ఒన్వుమా: ‘చావు తన ఇష్టమొచ్చినట్టు చేసుకోనీ’. ఆ బిడ్డా దక్కలేదు. వేడుకోలు, ఆశ, ధిక్కారం. మూడు పేర్లలో ఒక తల్లి జీవితమంతా ఉంది. దీన్ని ఆచార విశేషంగా చదివితే నవలలో సగం పోగొట్టుకున్నట్టే.

ఒకొంక్వో కొడుకు న్వోయే క్రైస్తవంలో చేరి ఐజాక్ అవుతాడు. వలస పాలన మనిషి పిలుపును కూడా మార్చింది. అయితే అచెబే పాత సమాజాన్ని వెనకేసుకు రాలేదు. కవలలను అడవిలో పారేసే ఆచారం, అన్నలా చూసుకున్న ఇకెమెఫునా హత్య న్వోయే మనసును ముందే విరిచేశాయని స్పష్టంగా చూపాడు.

కనుక పాత పేరు తిరిగి పెట్టుకుంటే విముక్తి వచ్చేసినట్టు కాదు. 1972లో జైరే నియంత మొబుటు క్రైస్తవ పేర్లను నిషేధించాడు, తన జోసెఫ్-దెజిరే పేరునూ వదిలాడు. దేశ సంపదను దోచుకోవడం మాత్రం మానలేదు. కెన్యాలో గూగీ వా థియాంగో జేమ్స్ అనే పేరు వదిలి, రైతుకూలీలతో కలిసి వాళ్ళ గికుయు భాషలోనే నాటకం ఆడించి, 1977 చివర నిర్బంధం పాలయ్యాడు. పేరు మార్పు ఇద్దరిదీ ఒకటే. నిలబడ్డ పక్షాలు వేరు.

ఎక్వెఫీ దుఃఖం మనకూ కొత్త కాదు. బిడ్డలు దక్కని మన తల్లులు పుట్టిన బిడ్డను పెంట మీద పొర్లించి పెంటయ్య, పెంటమ్మ అన్నారు. ఎంగిలి విస్తళ్ళ మీద పొర్లించి పుల్లయ్య అన్నారు. ఎక్వెఫీ చావును నిలదీసింది; వీళ్ళు చావు కళ్ళు గప్పాలని చూశారు. మరి మన కథల్లో పెంటయ్య ఏమయ్యాడు? చాలాచోట్ల నౌకరో, నవ్వులపాత్రో అయ్యాడు. ఆ పేరు పెట్టిన తల్లి ఎక్కడా కనిపించదు. అచెబే ఒక్క పేరాలో ఆ తల్లిని నిలబెట్టాడు. పాత్రకు పేరు పెట్టేముందు ఆ పేరు ఏ కడుపుకోతలోంచి పుట్టిందో కథారచయిత మిత్రులు ఒకసారి ఆలోచించాలని నా మనవి.